ఇంజనుకు వేసిన కొసరు

ఇంజను ఆగినప్పుడు నేను నవ్వాను.

నేల మీద నవ్వితే వింతేం లేదు. అప్పుడు నేను మిరప చేలకు ఆరొందల అడుగుల పైన, మూడు చక్రాల బండి ముందు సీట్లో, కాళ్లు గాల్లో వేలాడేసుకుని కూర్చుని ఉన్నాను. వెనక సీట్లో మాస్టారు. ఆయన వెనక ఇంజను, దానికో పెద్ద ఫ్యాను. మమ్మల్నందర్నీ తాళ్లతో పట్టుకుని పైన పొడుగాటి గుడ్డ రెక్క. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గడానికి ఓపిక లేక ఊరుకుంది.

"ఆగిందా?" అన్నారు మాస్టారు.

"ఆగిందండీ," అని పగలబడి నవ్వాను. కడుపు పట్టుకుందామంటే బెల్టు అడ్డం.

ఆ నవ్వు సంగతి తెలియాలంటే ముందు నా సంగతి, తర్వాత ఆ ఇంజను సంగతి, దానికి నేను చేసిన వెధవ పని సంగతి చెప్పాలి.

మాది గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం జిల్లా మొదలయ్యే చోట, రోడ్డు పక్క ఊరు. మందు కొట్టే మిషన్లు బాగు చేసే షాపు నాది. వీపుకు తగిలించుకుని పత్తికీ మిరపకీ మందు కొడతారే, ఆ పెట్రోలు స్ప్రేయర్లు. షాపు నాన్న పెట్టాడు. ఆయన పోయాక మూసేస్తానని ఊరంతా అనుకుంది, పెద్దకర్మ ప్రార్థన కూటం అయిన మర్నాడే షట్టరు తీశాను. ఇప్పటికీ కొత్త రైతు ఎవరైనా వచ్చి, "మెకానిక్ లేడామ్మా?" అని నా భుజం మీదుగా లోపలికి తొంగి చూస్తాడు. "లేడు, ఉంది. మిషను కింద పెట్టి చెప్పు," అంటాను. నాకు కోపం కాస్త తొందరగానే వస్తుంది. కోపం లేకపోతే ఈ రోడ్డు మీద ఆడమనిషి స్పానరు పట్టుకుని బతకలేదు.

నాన్న నాకు రెండు విద్యలు నేర్పాడు. ఒకటి, ప్లగ్గు విప్పి దాని మొన రంగు చూసి ఇంజను ఏం తిన్నదో చెప్పడం. కాఫీ రంగులో ఉంటే కడుపు చల్లగా ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఆకలితో మాడుతున్నట్టు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే అజీర్తి. రెండోది, కొసరు వేయడం.

మా వైపు కొసరు లేకుండా బేరం ముగియదు. కూరగాయలామె తూకం అయ్యాక రెండు పచ్చిమిరపకాయలు, ఓ కరివేపాకు రెబ్బ పడేయకపోతే మనం అక్కడి నుంచి కదలం. పాలాయన చెంబు నింపాక ఇంకో చిన్న ధార పోస్తాడు. అసలు కంటే కొసరు ముద్దు అని ఊరికే అనలేదు. మా స్ప్రేయర్లలో పెట్రోలు ఒక్కటే పోస్తే ఇంజను పట్టేస్తుంది. అందులో కొలత ప్రకారం ఆయిలు కలపాలి. ఆ ఆయిలు కలిపేటప్పుడు కూడా నాన్న కొలత అయ్యాక డబ్బా ఒకసారి వంచేవాడు. "తక్కువైతే సిలిండరు బోరు పోద్ది, ఎక్కువైతే పొగొచ్చిద్ది. పొగొచ్చి చచ్చిన ఇంజను లేదు," అనేవాడు. స్ప్రేయరు వరకు అది నిజమే. దాన్ని రైతు పొద్దుగూకేదాకా ఫుల్ రేజులో మోగిస్తాడు గనక, ఎంత ఆయిలైనా కాలిపోతుంది. నా చేయి కూడా అలాగే అలవాటు పడింది.

ఇక మాస్టారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన వాళ్లు మా ఊళ్లో తోటలు వేస్తారు, లేకపోతే పంచాయితీలు చేస్తారు. ఈయన ఎక్కడికో వెళ్లి గాల్లో ఎగరడం నేర్చుకుని, కాగితాలన్నీ తెచ్చుకుని, ఇంటి వెనక రెండెకరాల పొలంలో పత్తి మాన్పించి గడ్డి పెంచారు. పొలమంతా కౌలుకిచ్చేశారు, ఆ రెండెకరాలు తప్ప. తర్వాత లారీలో ఆ బండి దిగింది. ఊళ్లో వాళ్లు దానికి "ఫ్యాను బండి" అని పేరు పెట్టారు. దానికి రిపేరొస్తే చూసేవాడు రావడానికి వారం పడుతుందని, మాస్టారు ఒకరోజు ఇంజను కవరు విప్పి నన్ను పిలిచి చూపించారు. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఒకటే సిలిండరు, ఒకటే ప్లగ్గు, పెట్రోల్లో ఆయిలు కలిపి పోయడమే. మా స్ప్రేయరుకు పెద్దన్న! "ఇది నాకొదిలేయండి మాస్టారూ," అన్నాను. ఆ రోజు నుంచి ఆ ఇంజను నా చేతిలో పడింది. స్ప్రేయర్లు నాకు తిండి పెడతాయి. కానీ ఈ ఇంజను మోగుతుంటే మాత్రం నాకు నిజంగా ఒళ్లు పులకరించేది, దాచుకోవడం ఎందుకు.

మిరప కోతలు అయ్యేలోపు ఇంజను మారాం చేయకపోతే నన్ను ఎక్కించుకుని తిప్పుతానని మాస్టారు మాటిచ్చారు.

ఇందులో మూడో మనిషి ఉంది. మాస్టారి భార్య, నాకు అయిదో తరగతిలో లెక్కలు చెప్పిన టీచరుగారు. నిష్పత్తులు, అనుపాతాలు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అనడం కంటే ఆవిడ స్కేలు నేర్పించింది అనాలి. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే నా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. ఫ్యాను బండి అంటే ఆవిడకు పడదు. మాస్టారు పైకి లేచే వేళకు ఆవిడ వంటింట్లోకి పోయి మిక్సీ వేస్తుంది, ఆ చప్పుడు వినపడకుండా. మాస్టారు ఎంతసేపు ఎగిరితే అంతసేపు ఏదో ఒకటి రుబ్బుతూనే ఉంటుంది. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, చివరికి ఏమీ లేకపోతే ఉప్పు. ఆ ఇంట్లో పొడులు తరగక నాకు డబ్బాలు డబ్బాలు ఇచ్చేది.

ఆ ఏడు మొదట్లో బండి రెండుసార్లు నేల మీదే మొరాయించింది. రెండోసారి టీచరుగారు గడపలో నిలబడి తీర్పు చెప్పేసింది.

"నేల మీద ఆగింది కాబట్టి సరిపోయింది. గాల్లో గనక ఒక్కసారి ఆగిందంటే ఆ బండి ఈ ఇంట్లో ఉండదు. కొత్తపట్నం బీచి కాడ ఇట్టాంటివి తిప్పే అతను అడుగుతానే ఉన్నాడు. ఇచ్చేస్తా." నా వైపు చూసి, "నువ్వు కూడా విన్నావుగా?" అంది.

"విన్నానండీ," అన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.

మాస్టారు ఇంజను కవరు మెల్లగా మూశారు. ఆయన మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఆయనకు ఆ బండి తప్ప వేరే సరదా లేదు. సిగరెట్టు లేదు, పేకాట లేదు. తెల్లారి గాలి ఎటు వీస్తుందో చూడటానికి పొలంలో కర్రకు కట్టిన గుడ్డ పీలిక కోసమే ఆయన నిద్ర లేస్తారు.

అందుకని నేనూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాను. పెట్రోలు ఏ రోజుకారోజు ఫ్రెష్‌గా తెచ్చేదాన్ని. సీసాలో కొంచెం పోసి, నీళ్లేమైనా అడుగున దిగుతాయేమో ఎండకు పెట్టి చూసేదాన్ని. సన్నటి జల్లెడలో వడగట్టి పది లీటర్ల డబ్బాలోకి దించేదాన్ని. ఆ ఇంజనుకు లీటరుకు ఇరవై మిల్లీల చొప్పున ఆయిలు పడాలి. పదికి రెండొందలు. కొలత గ్లాసులో గీత దగ్గర కన్ను పెట్టి రెండొందలు పోసేదాన్ని. పోశాక, ఎవరూ చూడకుండా, ఆయిలు సీసా ఒకసారి వంచేదాన్ని. కొసరు. మాస్టారి ప్రాణం మోసే ఇంజను కదా, దానికి వేయకపోతే ఇంకెవరికి వేస్తాను? పొగ కాస్త ఎక్కువగానే వచ్చేది. నా కొసరేలే అనుకుని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఇంకో సంగతి కూడా నేను పట్టించుకోలేదు. టీచరుగారు నా షాపు నుంచి అప్పుడప్పుడు ఆయిలు సీసా పట్టుకుపోయేది. "మా స్ప్రేయరుకే," అనేది. పొలం మొత్తం కౌలుకిచ్చిన మనిషికి స్ప్రేయరు ఎందుకని నాకు తోచలేదు. లెక్కల టీచరును ప్రశ్న అడిగే ధైర్యం నాకు అయిదో తరగతిలోనే పోయింది.

మిరప రెండో కోత సగానికొచ్చింది. ఆ తీర్పు తర్వాత బండి ఒక్కసారి కూడా ఆగలేదు. "రేపు పొద్దున్నే వచ్చెయ్. తలకి నూనె రాసుకోమాక, హెల్మెట్ జారుద్ది," అన్నారు మాస్టారు.

పోయే ముందు అమ్మకు చెప్పాను. అమ్మ మిరప కోతల కూలి. ముఠాకు పెద్ద కూడా. ముప్పై ఏళ్లుగా నడుం వంచి కోస్తోంది. "రేపు పొద్దున మీ చేను మీదుగా పోతామే. ఓసారి తలెత్తి చూడు," అన్నాను. "తలెత్తితే చేతి కింద కాయ ఎవరు కోస్తారు, మీ మాస్టారా?" అంది. అంటూనే రాత్రి ప్రార్థనలో నా పేరు రెండుసార్లు చెప్పింది.

ఆ పొద్దున పెట్రోలు కలిపి, డబ్బా వెనక వసారాలో పెట్టి, మాస్టారితో కలిసి గడ్డి మీద రెక్క పరవడానికి వెళ్లాను. పొడుగాటి రెక్క, దాని తాళ్లన్నీ చిక్కు విడదీయాలి. అరగంట పట్టింది. తిరిగొచ్చి డబ్బా తెచ్చి ట్యాంకులో పోస్తుంటే రంగు రోజూ కంటే కాస్త ముదురుగా ఉన్నట్టు అనిపించింది. ఎండ పడలేదులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఎగిరే తొందరలో ఉన్నదాన్ని కాబట్టి ఏ రంగులో ఉన్నా పోసేసేదాన్నే.

ఎలా లేచామో నాకు సరిగ్గా గుర్తులేదు. చక్రాలు గడ్డిలో గడగడలాడాయి, ఆ గడగడ ఆగింది, కింద చూస్తే నా చెప్పుల కింద మాస్టారి ఇంటి డాబా, దాని మీద ఎండబెట్టిన వడియాలు! "మాస్టారూ, వడియాలు!" అని అరిచాను. ఆయనకు వినపడలేదు. తర్వాత కనపడిన ప్రతిదాన్నీ పేరు పెట్టి అరిచాను. కాలవ! మా చర్చి! మా షాపు! షాపు మీద రేకులు తుప్పు పట్టాయి, మార్చాలి! కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా, పక్కన పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి. బర్రెలు చీమల్లా ఏం లేవు, బర్రెల్లానే ఉన్నాయి, కాకపోతే చిన్నవి. రోడ్డు మీద నాకు తెలిసిన రైతు ఒకాయన నెత్తిన స్ప్రేయరు పెట్టుకుని మా షాపు వైపే పోతున్నాడు. "షాపు లేదు పో, ఇవాళ సెలవు!" అని పైనుంచి కేకేశాను. నాకు పిచ్చి పట్టిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అంత సంతోషం నేను తట్టుకోలేకపోయాను.

అమ్మ వాళ్ల చేను చూపించాను. మాస్టారు రేజు బాగా తగ్గించి, నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ కిందికి దించారు. మిరప సాళ్ల మధ్య రంగురంగుల చీరలు. అందరూ తలెత్తారు. ఒక్క నీలం చీర మాత్రం ఎత్తలేదు. అదే మా అమ్మ. మూడో చుట్టులో ఎత్తింది. ఎత్తి, చేతిలో కాయల గంప కింద పెట్టి, కొంగు తీసి ఊపింది.

సరిగ్గా అప్పుడే మాస్టారు పైకి పోదామని రేజు ఇచ్చారు. దగ్గు, దగ్గు, నిశ్శబ్దం.

నిశ్శబ్దం అంటే ఏమీ వినపడలేదని కాదు. అన్నీ వినపడ్డాయి. రెక్క తాళ్ల మధ్య గాలి ఊళ, ఎక్కడో కుక్క, కింద ముఠాలో ఒకామె, "అయ్యో, ఆగిపోయిందే!" అనడం. అప్పుడే నాకు నవ్వొచ్చింది. నా దగ్గరికి వందల మంది వచ్చి, "ఉన్నట్టుండి ఆగిపోయిందమ్మా," అంటారు. "ఉన్నట్టుండి ఏదీ ఆగదు, నువ్వేదో చేసుంటావు," అని నేను వాళ్లందర్నీ తిడతాను. ఇప్పుడు ఆకాశంలో నన్ను తిట్టేవాళ్లెవరూ లేరు.

మాస్టారు మాత్రం క్లాసులో చెప్పినట్టే చెప్పారు. "పెట్రోలు ఎంతుంది?"

నా కాళ్ల పక్కనే ట్యాంకు. "ఎనిమిది లీటర్ల పైనే ఉందండీ."

"బల్బు నొక్కు." పెట్రోలును ఇంజనులోకి తోసే రబ్బరు బల్బు నొక్కాను. గట్టిగానే ఉంది, పెట్రోలు అందుతోంది. ఆయన స్టార్టరు రెండుసార్లు కొట్టారు. ఫ్యాను తిరిగింది, ఇంజను అందుకోలేదు.

"సరే, దిగుదాం," అన్నారు. "ఇంజను ఉన్నప్పుడు కూడా లేదనుకునే ఎగరాలి. అందుకే ఎక్కినప్పటి నుంచి ఒక ఖాళీ చేను కంటితో పట్టుకుని ఉంటాను. అదిగో, నల్లరేగడి." అని, "ఇంక నవ్వటం ఆపి కాళ్లు పైకెత్తు," అన్నారు.

నిమిషం పైచిలుకు పట్టింది. పత్తి కట్టె పీకేసిన చేలో చక్రాలు దిగాయి, పది గజాలు దొర్లాయి, మెత్తటి మట్టిలో దిగబడి బండి మర్యాదగా ఒక పక్కకు ఒరిగింది. రెక్క వెళ్లి మిరప సాళ్ల మీద పరుచుకుంది. ఇద్దరికీ గీత కూడా పడలేదు.

ముఠా అంతా పరిగెత్తుకొచ్చింది, అందరికంటే ముందు అమ్మ. నన్ను అటూ ఇటూ తిప్పి, చేతులూ కాళ్లూ లెక్కపెట్టుకున్నాక నోరు విప్పింది.

"ఏందే, దిగటానికి మా చేను తప్ప దొరకలేదా మీకు?"

"ఇంజను ఆగిందే."

"ఎవరు చేశారే ఆ ఇంజను?"

"నేనే."

ముఠాలో అందరూ గొల్లుమన్నారు. ఒకావిడ, "మా ఆయన స్ప్రేయరు నీ కాడే ఉందమ్మా, తిరిగిచ్చెయ్," అంది. నేనూ నవ్వాను. కానీ ప్లగ్గు విప్పేదాకే.

ప్లగ్గు నల్లగా ఉంది. తడిగా, జిడ్డుగా, ఆయిల్లో ముంచి తీసినట్టుంది. అజీర్తి. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. స్ప్రేయరులా ఇది ఎప్పుడూ ఫుల్ రేజులో మోగదు. రేజు తగ్గించి గుండ్రంగా తిరిగినప్పుడు ఆయిలంతా కాలకుండా ప్లగ్గు మీద పేరుకుంది. అది నా కొసరే. చున్నీ కొసతో పైపైన తుడిచి ప్లగ్గు జేబులో వేసుకున్నాను.

"పెట్రోల్లో నీళ్లు కలిసుంటాయి," అన్నారు మాస్టారు. "ఆ బంకు మార్చాలి."

నీళ్లు లేవని నాకు తెలుసు. పొద్దున సీసాలో చూసింది నేనే. అయినా నోరు తెరవలేదు. రోడ్డు మీద నా షాపు పేరు, ముఠా నవ్వులు, టీచరుగారి స్కేలు, అన్నీ కలిసి నా నోరు కట్టేశాయి. అంత పిరికిదాన్నని నాకే తెలియదు.

ఎవరు ఫోను చేశారో, టీచరుగారు ఆటోలో వచ్చింది. చెప్పులు మట్టిలో కూరుకుపోతే వదిలేసి వట్టి కాళ్లతో నడిచొచ్చింది. ఆవిడ చేతికి ఇంకా కందిపొడి అంటుకుని ఉంది. మాస్టారిని నెత్తి నుంచి పాదం దాకా చూసింది. నన్నూ చూసింది. తర్వాత ఒకటే మాట.

"శనివారం అతన్ని రమ్మంటున్నా."

మాస్టారు తల ఊపారు. ఒరిగిన బండి చక్రానికి అంటుకున్న మట్టిని పుల్లతో గోకుతూ కూర్చున్నారు.

శనివారం దాకా ఆ మూడు రోజులూ నేను చేసిన పనంతా తప్పే. ఒకాయన మిషనుకు ఇంకొకాయన కార్బరేటరు బిగించాను. చివరికి అమ్మ అడిగింది. చెప్పాను. జేబులోంచి ప్లగ్గు తీసి చూపించాను. అమ్మకు ఇంజన్ల గురించి తెలియదు గానీ నాన్నతో పాతికేళ్లు కాపురం చేసింది. ప్లగ్గు వాసన చూసి మూతి తిప్పింది.

"జేబులో దాచుకుంటే ప్లగ్గు తెల్లబడుద్దా? పోయి చెప్పు. తిడితే పడు. ఆ పెద్దాయన మొహం చూశావా అసలు?"

శనివారం పొద్దున్నే వెళ్లాను. మాస్టారు వసారాలో బండి తుడుస్తున్నారు, ఇచ్చేసేదాన్ని కూడా శుభ్రంగా ఇవ్వాలని. టీచరుగారు మెట్ల మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ప్లగ్గు ఇద్దరి మధ్యా అరుగు మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పెట్రోలు మంచిదేనని, బంకు తప్పు లేదని, కొలత అయ్యాక నేనే రోజూ కొసరు వేశానని, ఇంజను మంచిదని, దాన్ని పంపొద్దని, పంపితే నన్ను పంపమని.

మాస్టారు ప్లగ్గు తీసుకుని వెలుగులో తిప్పి చూశారు. తర్వాత, "కొసరు ఎంత వేసుంటావు?" అన్నారు.

"సీసా ఒక్క వంపండీ. యాభై మిల్లీలుంటుంది."

న్యూస్ పేపరు అంచు మీద పెన్నుతో రాశారు. "రెండొందలకి యాభై కలిపితే రెండొందల యాభై. పది లీటర్లకి. అంటే నలభైకి ఒకటి. మీ స్ప్రేయర్లకి పోసేదే అది. దానికి పొగొస్తుంది గానీ ప్లగ్గు ఇట్టా మునగదు. లెక్క కుదరటం లేదు."

నాకూ ఆ సంగతి అప్పుడే వెలిగింది. నిజమే. ఆ ప్లగ్గు తాగింది వంపెడు ఆయిలు కాదు, చెంబెడు. భయంలో నేను లెక్కే వేసుకోలేదు. మాస్టారు, నేను మొహమొహాలు చూసుకున్నాం. మిగతా ఆయిలు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

టీచరుగారు చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. వంటింట్లో పై అరలో ఏదో జరిపిన చప్పుడు. తిరిగొచ్చి ప్లగ్గు పక్కన ఒక ఇత్తడి గిద్ద పెట్టింది. వెనకటి రోజుల్లో బియ్యం, నూనె కొలిచే చిన్న గిద్ద. దాని అంచు జిడ్డుగా ఉంది. నేను వాసన చూశాను. నా షాపు ఆయిలే.

"మా స్ప్రేయరుకే" అని తీసుకెళ్లిన ఆయిలు!

"మీరు రెక్క పరవటానికి పోయినప్పుడల్లా డబ్బాలో ఒక గిద్దెడు పోసేదాన్ని," అంది టీచరుగారు. గొంతులో స్కేలు లేదు. "ఆయిలు తక్కువైతే ఇంజను పట్టేస్తదని వీళ్ల నాన్న షాపులో అంటుంటే ఎప్పుడో విన్నా. ఈయన వినే మనిషి కాదు, ఈ పిల్లేమో కొలత గీతకు పోస్తది. తక్కువైతే ఎట్టా అని. ఆగకూడదనే పోశా."

"ఒక గిద్దే అయితే…" అని మాస్టారు మళ్లీ పెన్ను అందుకున్నారు.

"ఆ రోజు రెండు పోశా," అంది. నా వైపు చూడలేదు. "నువ్వు కూడా ఎక్కుతున్నావుగా. ఆయనకొకటి, నీకొకటి."

మాస్టారు పెన్ను ఆపేశారు. నేను గిద్దను నా కొలత గ్లాసులో కొలిచి చూశాను, చేతులు ఊరికే ఉండక. గిద్దకు తొంభై పడుతోంది. రెండు గిద్దలు, నా కొసరు, అసలు కొలత కలిపి నాలుగొందల ముప్పై. "ఇరవై మూడుకు ఒకటి," అన్నారు మాస్టారు, భార్య మొహంలోకి చూస్తూ. "నిష్పత్తుల పాఠం ఎవరు చెప్పారమ్మా ఈ ఊళ్లో?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. టీచరుగారే అనుకుంటాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను మెట్ల మీద కూలబడి నవ్వాను. చిక్కుడుకాయలన్నీ కింద పడ్డాయి. కొత్తపట్నం అతను గేటు తీసుకుని వచ్చేసరికి, ముగ్గురు మనుషులు ఒక ప్లగ్గు చుట్టూ కూర్చుని ఊపిరాడకుండా నవ్వుతున్నారు.

"బండి చూడటానికొచ్చానండీ," అన్నాడు పాపం. "ఇంజనులో ఏదో తేడా ఉందన్నారు."

"ఇంజను మంచిదే బాబూ," అంది టీచరుగారు, చెంగుతో మొహం తుడుచుకుని లేస్తూ. "మనుషులకే కాస్త రిపేరుంది. అమ్మటం లేదు. అంత దూరం వచ్చావు, ఉండు." అని లోపలికి పోయి అతనికి రెండు డబ్బాల పొడి ఇచ్చి పంపింది.

సోమవారం మళ్లీ ఎగరడం. కొత్త ప్లగ్గు వేశాను, ట్యాంకు, పైపులు అన్నీ కడిగాను. పెట్రోలు కలిపేటప్పుడు టీచరుగారు నా పక్కనే నిలబడింది. ఈసారి పశువులకు మందు పట్టే పెద్ద సిరంజితో ఆయిలు కొలిచాను, ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని గీత చూసింది. సరిగ్గా రెండొందలు. నా చెయ్యి అలవాటు కొద్దీ సీసా వైపు పోయింది. ఆవిడ చెయ్యి కూడా. ఇద్దరం ఒకేసారి చూసుకుని ఒకేసారి వెనక్కి తీసుకున్నాం. సీసాకు మూత ఆవిడే బిగించింది.

మాస్టారు ఒక్కరే లేచారు. నీలిపొగ రాలేదు. ఇంజను గొంతు సాఫుగా ఉంది. మిక్సీ మోగుతుందేమోనని ఓ చెవి అటు వేశాను. మోగలేదు. చూస్తే టీచరుగారు నా పక్కన గడ్డిలో నిలబడి ఉంది, తల పైకెత్తి, నా మణికట్టు గట్టిగా పట్టుకుని. ఆవిడ అలా బయట నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఇదెంతసేపు మోగుద్ది?" అంది.

"పది లీటర్లు పోశాం కదండీ. రెండు గంటలు ఎగరొచ్చు."

ఆవిడ లెక్క వేసుకుంది. "అయితే రేపటి నించి అయిదే పొయ్యి. గంటలో దిగొస్తాడు."

"వద్దు టీచరుగారూ. గాలి ఎదురు తిరిగినా, దారి చుట్టి రావాల్సొచ్చినా, తక్కువుంటే మధ్యలో ఆగుద్ది. ఎప్పుడూ మిగులు ఉండాలి."

ఆవిడ మళ్లీ తలెత్తింది. పైన ఆ చుక్క కాలవ దాటి పత్తి చేల మీదుగా మలుపు తిరుగుతోంది. చప్పుడు సన్నబడింది, మళ్లీ పెరిగింది. నా మణికట్టు మీద పట్టు కూడా దాంతోపాటే సడలి, మళ్లీ బిగిసింది.

"కుర్చీ తెస్తానండీ, కూర్చుందురు గానీ," అన్నాను.

"వద్దులే," అంది. "నిండుగానే పొయ్యి. నేను నిలబడతా."